భద్రాచలం - రాజమండ్రి లాంచీ ప్రయాణం

భద్రాచలం - రాజమండ్రి లాంచీ ప్రయాణం గోదావరి నదిపై పాపికొండల గుండా సాగే జలమార్గ ప్రయాణము. భద్రాచలం నుండి రాజమండ్రి (2015 నుండి అధికారికంగా రాజమహేంద్రవరం) వరకు ఈ జలమార్గం పొడవు 171 కిలోమీటర్లు. రోడ్లు లేని కాలంలో తూర్పు కనుమల లోపలి గ్రామాలకు ఈ నదే రహదారి. భద్రాద్రి రాముని దర్శనానికి వెళ్ళే యాత్రికులు, కలప వర్తకులు, ప్రభుత్వోద్యోగులు, సంతకు దిగే గిరిజనులు అందరూ ఒకే లాంచీలో ప్రయాణించేవారు. తరువాతి కాలంలో ఇది "పాపికొండల యాత్ర" అనే పేరుతో విహారయాత్రగా మారినది. పోలవరం ప్రాజెక్టు నిర్మాణం కారణంగా 2021 నుండి మార్గం మొత్తాన్ని ఏకబిగిన నీటిమీద దాటే వీలు లేకుండా పోయింది. ఆనకట్టకు ఎగువన, గండిపోచమ్మ గుడికీ పోచవరానికీ మధ్యనున్న భాగంలోనే విహార లాంచీలు నడుస్తున్నాయి.

పాపికొండలు అనేది ఒక ఊరి పేరని బయటి ప్రాంతాలవారు తరచుగా పొరబడుతుంటారు. ఇవి నదికి ఇరువైపులా నిలిచిన కొండల వరుస. స్త్రీల తలలోని పాపిడిలాగా గోదావరి ఈ కొండలను రెండుగా చీల్చుకుని పారుతుంది కనుక వీటికి పాపిడి కొండలు అని పేరు వచ్చిందనీ, అదే వాడుకలో పాపికొండలు అయిందనీ చెబుతారు. ఆంగ్లేయులు వీటిని అడవిదున్నల పేరుతో "బైసన్ హిల్స్" అని వ్యవహరించారు.

నది స్వరూపము

మహారాష్ట్రలో నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. భద్రాచలం దాటేసరికి ఇది దక్కను పీఠభూమిలో పెద్ద భాగపు నీటిని మోసుకొచ్చే మహానది. కూనవరం వద్ద ఒడిషా కొండల నుండి వచ్చే శబరి కూడా ఇందులో చేరుతుంది. ఇంత నీరూ ఆ తరువాత పాపికొండల మధ్యనున్న ఇరుకు దారిలోకి ప్రవేశించాలి. రాజమండ్రి వద్ద సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పున కనిపించే నది, కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది. గండిలో కొన్నిచోట్ల లోతు వంద అడుగులకు మించి ఉంటుంది. వేసవిలో అక్కడి నీరు కదలని చెరువులా కనిపిస్తుంది, వరద కాలంలో అదే చోట సుడులు తిరుగుతుంది. ఈ ప్రయాణంలోని అందానికీ, ప్రమాదానికీ కూడా ఈ ఇరుకుదారే కారణం.

కొండలు దాటిన తరువాత పోలవరం దిగువన నది ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఇసుక తిన్నెలు, లంకలు మొదలవుతాయి. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట దాటాక గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది.

చరిత్ర

గోదావరిని రవాణా మార్గంగా అభివృద్ధి చేయాలన్న ఆలోచనను గట్టిగా ముందుకు తెచ్చినవాడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన ఆధ్వర్యంలో 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగింది. ఆ ఆనకట్ట నుండి తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడంతోపాటు పడవలు తిరిగేందుకు కూడా ఉద్దేశించినవే. అందుకనే వాటిపై అక్కడక్కడా లాకులు కట్టారు. ఏలూరు కాలువ గోదావరిని బెజవాడ వద్ద కృష్ణతో కలిపింది, అక్కడి నుండి బకింగ్‌హాం కాలువ ద్వారా మద్రాసు వరకు పడవలో వెళ్ళగలిగేవారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవారు.

కాటన్ దృష్టి అంతటితో ఆగలేదు. బేరారు ప్రాంతపు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి నదులమీదుగా సముద్రతీరానికి చేర్చాలన్నది ఆయన పథకం. 1860లో నిజాముతో జరిగిన ఒప్పందం ద్వారా గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు ఆంగ్లేయుల అధీనంలోకి వచ్చాయి. నదిపై సాగే సరుకులకు సుంకం ఉండరాదని కూడా అప్పుడే నిర్ణయమైనది. నదికి అడ్డుపడే రాతి బండలను దాటించడానికి దుమ్ముగూడెం మొదలైన మూడుచోట్ల ఆనకట్టలు, లాకులు, పక్క కాలువలు తలపెట్టారు. ఖర్చు అంచనాలను మించిపోవడం, ఈలోగా రైలు మార్గాలు విస్తరించడం వలన 1871లో ఆ పనులను మధ్యలోనే వదిలివేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి గుర్తుగా మిగిలింది. ఎగువ భాగంలో పథకం విఫలమైనప్పటికీ, సహజంగానే పడవ నడకకు అనువైన భద్రాచలం - రాజమండ్రి భాగంలో మాత్రం రాకపోకలు ఆగలేదు. మొదట తెరచాప పడవలు, తరువాత ఆవిరి పడవలు, ఆ పైన డీజిల్ ఇంజను లాంచీలు ఈ మార్గంలో తిరిగాయి. అడవిలో నరికిన కలపను, వెదురును తెప్పలుగా కట్టి ఏటివాలున రాజమండ్రికి వదిలేవారు.

పరిపాలన పరంగా ఈ నది చాలాకాలం సరిహద్దుగా ఉండేది. కొండలకు ఎగువన కుడిగట్టు నిజాము రాజ్యంలోనిది, ఎడమగట్టు బ్రిటిషు ఇండియాలోనిది. భద్రాచలం ప్రాంతం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరినది. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మారినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, పోలవరం ముంపు కిందకు వచ్చే కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఒకే తరంవారు ఊరు కదలకుండానే రెండు మూడు జిల్లాల పౌరులుగా ఉండవలసి వచ్చింది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఎడమగట్టు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాకూ, కుడిగట్టు మండలాలు ఏలూరు జిల్లాకూ మారాయి.

2008లో ప్రకటించిన 4వ నంబరు జాతీయ జలమార్గంలో ఈ 171 కిలోమీటర్ల గోదావరి కూడా భాగమే.

మార్గములోని ఊళ్ళు

ఇక్కడ ఊళ్ళను ఏటివాలు క్రమంలో, అనగా ఎగువ నుండి దిగువకు, ఇస్తున్నాము. విహారయాత్రికులలో ఎక్కువమంది రాజమండ్రి వైపు నుండి బయలుదేరి ఏటికి ఎదురుగా వెళ్ళి, సాయంత్రానికి ఏటివాలున తిరిగి వస్తారు. తిరుగు ప్రయాణానికి సమయం తక్కువ పడుతుంది.

భద్రాచలం: గోదావరి ఎడమగట్టున చిన్న కొండపై నున్న సీతారామచంద్రస్వామి ఆలయం వలన ప్రసిద్ధి చెందినది. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కాలంలో తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న (భక్త రామదాసు) ఈ ఆలయాన్ని నిర్మించి, సర్కారు సొమ్ము వాడాడన్న ఆరోపణపై గోల్కొండ కోటలో చెరసాల పాలయ్యాడు. శ్రీరామనవమి నాటి కల్యాణం, ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం నదిలో హంస ఆకారపు తెప్పపై జరిగే తెప్పోత్సవం ముఖ్యమైన వేడుకలు. సీతారాములు వనవాసం చేసిన చోటుగా భావించే పర్ణశాల ఇక్కడికి ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో కలదు. 1965లో గోదావరిపై వంతెన ప్రారంభమయ్యేవరకు కుడిగట్టు నుండి వచ్చే యాత్రికులు పడవలోనే నది దాటేవారు. వరద మట్టాన్ని కొలిచే ముఖ్య కేంద్రాలలో భద్రాచలం ఒకటి. ఇక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. దిగువ గ్రామాలవారికి ఈ అంకెలు కంఠస్థమే.

కూనవరం: శబరి, గోదావరి నదుల సంగమస్థానం. రెండు నదులకూ ఒకేసారి వరద వస్తే శబరి నీరు గోదావరిలోకి పోలేక వెనక్కు ఎగదన్ని చుట్టుపక్కల ఊళ్ళను ముంచుతుంది. సంగమం దాటిన తరువాత శ్రీరామగిరి కొండపైన రామాలయం కలదు.

పోచవరం: భద్రాచలం వైపు నుండి వచ్చే యాత్రికులు లాంచీ ఎక్కే రేవు. భద్రాచలం నుండి సుమారు 70 కిలోమీటర్లు రోడ్డుమీద ప్రయాణించి ఇక్కడికి చేరతారు. ఇక్కడి నుండి కొండలు దగ్గరవడం మొదలవుతుంది.

పేరంటపల్లి: కుడిగట్టున అడవి మధ్యనున్న చిన్న గ్రామం. దీనిని పేరంటాలపల్లి అని కూడా అంటారు. ఇక్కడి శివాలయము, శ్రీరామకృష్ణ మునివాటము అనే ఆశ్రమము ప్రసిద్ధమైనవి. 1920లలో ఇక్కడికి వచ్చిన బాలానందస్వామి ఈ ఆశ్రమాన్ని నెలకొల్పారు. లాంచీ ఆగిన వెంటనే యాత్రికులు మెట్లెక్కి గుడికి వెళతారు. దారిపొడుగునా కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు, బొమ్మలు అమ్ముతారు. చాలామంది యాత్రికులకు ఈ కొనుగోలే కొండరెడ్లతో జరిగే ఏకైక పరిచయం. కాబట్టి వారిని గురించి నాలుగు మాటలు చెప్పడం అవసరం.

కొండరెడ్లు గోదావరికి ఇరువైపులా కొండలలో నివసించే తెగ. వారి మాతృభాష తెలుగు. ప్రభుత్వం వీరిని ప్రత్యేకంగా అంతరించే ప్రమాదమున్న గిరిజన తెగలలో ఒకటిగా గుర్తించినది. అడవిని నరికి కాల్చి ఆ బూడిదలో విత్తనాలు చల్లే పోడు వ్యవసాయం, అటవీ ఫలసాయం, వేట, చేపలు పట్టడం వారి పూర్వపు జీవనాధారాలు. కలప, వెదురు వర్తకులు నదిమీద వచ్చి, అప్పులిచ్చి వారిచేత తక్కువ కూలికి అడవి నరికించేవారు. ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1940ల తొలినాళ్ళలో ఈ కొండలలో వారితో కలిసి ఉండి, వారి జీవితంపై రాసిన గ్రంథం 1945లో ప్రచురితమైనది. ఆ గ్రంథం పేరులో కూడా వీరు "బైసన్ హిల్స్ రెడ్లు"గానే కనిపిస్తారు. మైదాన ప్రాంతపు రెడ్లకు, వీరికి పేరులోనే తప్ప సంబంధం లేదు.

పాపికొండలు, కొల్లూరు: గండిలోని అతి ఇరుకైన భాగం ఇది. నది ఇక్కడ మలుపులు తిరుగుతూ సాగుతుంది. లాంచీ ముందుకు పోతుంటే ఎదురుగా కొండ అడ్డంగా నిలబడి దారి మూసుకుపోయినట్లు కనిపిస్తుంది, దగ్గరకు వెళ్ళగానే పక్కకు దారి తెరుచుకుంటుంది. కొల్లూరు వద్ద ఇసుక తిన్నెపై వేసిన వెదురు గుడిసెలు 2019కి ముందు రాత్రి బసకు ఎంతో ప్రాచుర్యం పొందినవి. వెదురు బొంగులో కూరి నిప్పులపై కాల్చిన కోడిమాంసం ఇక్కడి ప్రత్యేక వంటకం. చుట్టూ ఉన్న అడవిని 1978లో అభయారణ్యంగానూ, 2008లో జాతీయ ఉద్యానవనంగానూ ప్రకటించారు. దీని వైశాల్యం 1,012 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

కొరుటూరు, కచ్చులూరు: కొరుటూరు కుడిగట్టున పోలవరం మండలానికి చెందినది. కచ్చులూరు ఎడమగట్టున దేవీపట్నం మండలానికి చెందినది. కచ్చులూరు వద్ద నది కొండను ఒరుసుకుంటూ తిరగడం వలన నీటిలో బలమైన సుడి ఏర్పడుతుంది. పాత సరంగులు వరద కాలంలో ఈ మలుపును ఎంతో జాగ్రత్తగా దాటించేవారు.

గండిపోచమ్మ గుడి, దేవీపట్నం: కొండలు ముగిసే చోట ఎడమగట్టున గొందూరు వద్ద గండిపోచమ్మ గుడి కలదు. గండికి కాపలా ఉండే దేవతగా పడవవాళ్ళు ఈమెను కొలుస్తారు. లాంచీలు ఇక్కడ ఆగి, దర్శనమైన తరువాతనే ముందుకు సాగడం ఆచారము. దేవీపట్నం ఒకప్పుడు మన్యానికి ముఖద్వారం వంటి రేవు పట్టణం. 1879 నాటి రంప పితూరీలోనూ, 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన పోరాటంలోనూ ఈ వెనుకనున్న మన్యమే రంగస్థలం. పోలవరం కాఫర్ డ్యాముల వలన నీరు నిలిచి, వరదల్లో గుడి, ఊరు మునిగిపోవడం పరిపాటి అయినది. దేవీపట్నం వాసులను పునరావాస కాలనీలకు తరలించారు.

పోలవరం: కుడిగట్టున గల ఊరు. ప్రాజెక్టును గురించి కింద వేరుగా చూడవచ్చును.

పట్టిసీమ: నది మధ్యన దేవకూటము అనే కొండపై వీరభద్రుని ఆలయం కలదు. దక్షయజ్ఞ ధ్వంసం తరువాత వీరభద్రుడు తన పట్టిస అనే ఆయుధాన్ని ఇక్కడ గోదావరిలో కడిగాడని, అందువలన ఈ పేరు వచ్చిందని స్థలపురాణం. శివరాత్రికి పెద్ద తీర్థం జరుగుతుంది. ఆ రోజుల్లో ఒడ్డు నుండి గుడికి పడవలు ఎడతెగకుండా తిరుగుతాయి. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తి కృష్ణా డెల్టాకు పంపుతున్నారు.

పట్టిసీమ దాటాక రెండు గట్లూ పచ్చని పైరులతో, అరటి, కొబ్బరి తోటలతో నిండి ఉంటాయి. కొవ్వూరుకు ఎగువన కుమారదేవం గ్రామంలో నది ఒడ్డున ఉన్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద అనేక తెలుగు సినిమాలు తీశారు. అందువలన అది "సినిమా చెట్టు"గానే ప్రసిద్ధమైనది. 2024 ఆగస్టులో ఆ చెట్టు నేలకొరిగింది.

రాజమండ్రి: ప్రయాణం ముగిసే చోటు. రాజరాజనరేంద్రుని రాజధానిగా, నన్నయ ఆంధ్ర మహాభారత రచనకు పూనుకొన్న చోటుగా, కందుకూరి వీరేశలింగం ఊరుగా దీనికి పేరు. ఏటివాలున వచ్చే ప్రయాణికునికి ముందుగా కనిపించేవి వంతెనలు. వీటిలో అన్నిటికంటే పాతదైన హేవలాక్ వంతెన 1900లో ప్రారంభమై 1997 వరకు రైళ్ళను మోసినది. రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చినది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం నదిపై ఆసక్తి కలవారు తప్పక చూడదగినది.

లాంచీలు, సరంగులు

విహార లాంచీలు సాధారణంగా రెండు అంతస్తులవి. కింది భాగంలో ఇంజను, వంటగది, కుర్చీలు, పై భాగంలో ఎండకు కప్పు, కూర్చుని చూసేందుకు చోటు ఉంటాయి. ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం లాంచీలోనే వడ్డిస్తారు. మైకులో చెప్పే స్థలపురాణాలు, సినిమా పాటలకు నృత్యాలు కూడా యాత్రలో భాగమయ్యాయి. అడవి నిశ్శబ్దాన్ని వినాలనుకునేవారికి ఇవి కొంత ఇబ్బందే.

లాంచీని నడిపేవానిని సరంగు అంటారు. గోదావరిలో దారి ఏటేటా మారుతుంది. గత సంవత్సరం లోతుగా ఉన్నచోట ఈ సంవత్సరం ఇసుక మేట వేయవచ్చు. నీటి రంగు, అలల తీరు, నురుగు కదలిక చూసి లోతును పసిగట్టడం సరంగు విద్య. వేసవిలో నీరు తగ్గినప్పుడు గెడతో లోతు చూస్తూ నడుపుతారు. ఏటివాలున పోవడం తేలిక అని కొత్తవారు అనుకుంటారు కానీ, వరద నీటిలో ఏటివాలు ప్రయాణమే కష్టం. ప్రవాహ వేగానికి మించి లాంచీ నడవకపోతే చుక్కాని సరిగా పనిచేయదు, మలుపులో లాంచీ అడ్డం తిరుగుతుంది.

ప్రమాదములు

2018 మే 15న కొండమొదలు నుండి దిగువకు వస్తున్న లాంచీ మంటూరు సమీపంలో ఈదురుగాలికి మునిగిపోయింది. అందులో ఉన్నవారిలో ఎక్కువమంది విహారయాత్రికులు కారు, పనులమీద ఊళ్ళకు వెళుతున్న గిరిజనులు. గాలివానకు తడవకుండా తలుపులు, కిటికీలు మూసుకోవడం వలన లోపల ఉన్నవారు బయటపడలేకపోయారు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం ఈ మార్గం చరిత్రలోని పెద్ద విషాదాలలో ఒకటి. ఆ రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహిస్తున్నది. 77 మందితో పాపికొండలకు బయలుదేరిన విహార లాంచీ సుడిలో చిక్కుకుని బోల్తాపడింది. గ్రామస్థులు పడవలలో వెంటనే వచ్చి 26 మందిని కాపాడారు. మిగిలిన 51 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. మృతులలో తెలంగాణ నుండి, ముఖ్యంగా వరంగల్, హైదరాబాదు ప్రాంతాల నుండి వచ్చినవారు చాలామంది ఉన్నారు. నది అడుగున చిక్కుకున్న లాంచీని కాకినాడ నుండి వచ్చిన బృందం ఇనుప తాళ్ళు, లంగర్లతో వెతికి, పలు ప్రయత్నాల తరువాత 2019 అక్టోబరు 22న బయటకు తీసినది.

ఈ ప్రమాదంతో గోదావరిపై విహార లాంచీలన్నిటినీ నిలిపివేశారు. 2020లో గండిపోచమ్మ, పేరంటపల్లి, పోచవరం తదితర రేవులలో కంట్రోల్ రూములు ఏర్పాటు చేయడానికి ప్రభుత్వం పూనుకొన్నది. రేవు నుండి అనుమతి లేకుండా లాంచీ కదలరాదు, వరద మట్టం పరిమితి దాటితే యాత్ర ఆపివేయాలి, ప్రయాణికులందరూ లైఫ్ జాకెట్లు ధరించాలి, ఎక్కేవారి పేర్లు నమోదు చేయాలి అన్నవి ముఖ్యమైన నిబంధనలు. 2021లో యాత్రలు తిరిగి మొదలయ్యాయి. అదే సంవత్సరం కేంద్రం 1917 నాటి పాత చట్టం స్థానంలో దేశీయ జలవాహనాలకు కొత్త చట్టం చేసినది. నిబంధనలు కాగితంమీద ఎప్పుడూ తక్కువ కాదు. 2019కి ముందు కూడా లైఫ్ జాకెట్లు లాంచీలలో ఉండేవి, ఉక్కపోస్తున్నదని విప్పి పక్కన పెట్టడమే అలవాటుగా ఉండేది.

పోలవరం ప్రాజెక్టు ప్రభావము

పోలవరం వద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1940ల నాటిది. జలాశయపు నీరు భద్రాచల రాముని పాదాలను తాకుతుందన్న భావనతో అప్పట్లో దీనికి "రామపాద సాగరం" అని పేరు పెట్టారు. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలో దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు (150 అడుగులు), నిల్వ సామర్థ్యం 194.6 టి.ఎం.సి.లు. నది ప్రధాన పాయను ఎగువ కాఫర్ డ్యాముతో మూసి, 2021 జూన్‌లో ప్రవాహాన్ని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. దీనితో రాజమండ్రి నుండి, పురుషోత్తపట్నం నుండి బయలుదేరే లాంచీలకు దారి మూసుకుపోయింది. నౌకాయానం కోసం ఎడమవైపున కాలువ, సొరంగం, లాకులు ప్రాజెక్టు ప్రణాళికలో భాగంగా ఉన్నాయి.

జలాశయం పూర్తిస్థాయిలో నిండితే పైన చెప్పిన ఊళ్ళలో అధికభాగం నీటి అడుగుకు చేరతాయి. ముంపు వలన నిర్వాసితులయ్యే కుటుంబాల సంఖ్య లక్షకు పైమాటే. వీరిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. కాఫర్ డ్యాము కట్టిన తరువాత, ఆనకట్ట పూర్తి కాకముందే, వరద నీరు ఊళ్ళలో రోజుల తరబడి నిలవడం మొదలైనది. 2022 జూలై వరదలో కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ప్రజలు ఇళ్ళు వదిలి కొండలపైనా, శిబిరాలలోనూ తలదాచుకున్నారు. కొండగట్లమీద పోడు, చేపలు, వెదురుపై బ్రతికిన కుటుంబాలు మైదానంలోని కాలనీలలో బ్రతుకుతెరువు వెతుక్కోవలసి వచ్చింది. ఇళ్ళు కట్టి ఇచ్చినచోట కూడా అడవి, నది దగ్గరలో లేవన్నది నిర్వాసితుల ప్రధానమైన ఫిర్యాదు.

యాత్రపై ప్రభావం మరో రకమైనది. నీరు నిలవడం వలన ఇసుక తిన్నెలు మునిగిపోతాయి, వేసవిలో కూడా లాంచీలు తిరిగే లోతు ఉంటుంది. కొండలు నీటినుండి కొంత పొట్టిగా కనిపిస్తాయి. పారే నది స్థానంలో నిలిచిన జలాశయం వస్తుంది. అప్పుడు సాగేది జలాశయ విహారమే అవుతుంది కానీ, ఊరూరా ఆగుతూ ఏటివాలున దిగే పూర్వపు ప్రయాణం కాదు.

ప్రయాణ సమాచారము

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. జూలై నుండి సెప్టెంబరు వరకు వరదల కారణంగా యాత్రలు తరచుగా ఆగిపోతాయి. రాజమండ్రి వైపు నుండి వచ్చేవారు గండిపోచమ్మ గుడి రేవు వద్ద, భద్రాచలం వైపు నుండి వచ్చేవారు పోచవరం వద్ద లాంచీ ఎక్కుతారు. ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థతోపాటు ప్రైవేటు యజమానులు కూడా లాంచీలు నడుపుతున్నారు. రాజమండ్రికి రైలు, విమాన సౌకర్యాలు ఉన్నాయి. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను భద్రాచలంలో కాక, నదికి అవతల సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉన్నది. ఈ పేరు చూసి దిగి అయోమయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండు పట్టణాల మధ్య చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా ఘాట్ రోడ్డు కలదు.

సినిమాలలో

బాపు దర్శకత్వంలో 1973లో వచ్చిన "అందాల రాముడు" కథ దాదాపుగా అంతా రాజమండ్రి నుండి భద్రాచలం వెళ్ళే లాంచీలోనే జరుగుతుంది. రచన ముళ్ళపూడి వెంకటరమణ, కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. లాంచీలు నిత్య ప్రయాణ సాధనంగా ఉన్న రోజుల వాతావరణాన్ని ఈ సినిమాలో చూడవచ్చును. 2006లో శేఖర్ కమ్ముల "గోదావరి" సినిమా అదే మార్గంలో, సుమంత్, కమలినీ ముఖర్జీ ప్రధాన పాత్రలుగా సాగినది. ఆ సినిమా విడుదల తరువాత పాపికొండలను చూడవచ్చే యువత సంఖ్య పెరిగినది. అంతకు ముందే, 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన "మూగమనసులు"లో కథానాయకుడు గోదావరిపై పడవ నడిపేవాడు. కొత్త దంపతులు పడవలో వెళుతూ ఒక సుడి దగ్గరకు రాగానే గతజన్మ గుర్తుకు రావడంతో ఆ కథ మొదలవుతుంది.